ఒకటి తీసెయ్యమన్న సారు

మా లెక్కల సారు పోయారన్న కబురు ఒక మంగళవారం పొద్దున వచ్చింది. గద్వాలలో బడికి బయలుదేరి గడపలో చెప్పులు వేసుకుంటున్నాను. మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో సారు ఫోన్ నుంచి వాళ్ళ బిడ్డ రెండు ముక్కలు రాసింది. నాన్న చాయ్ తాగి, పేపర్ చదువుకుంటూ కుర్చీలోనే పోయారు, ఎవరినీ పరేషాన్ చేయలేదు అని. బడికి సెలవు చెప్పి వనపర్తి బస్సెక్కాను కానీ, నేను చేరేసరికి అంతా అయిపోయింది. జనం మధ్య మేడంని, అంటే సారు భార్యను, దూరం నుంచి చూసి తిరిగొచ్చాను.

మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు. వీపనగండ్ల దిక్కున హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి, రిటైరయ్యాక వనపర్తిలో చిన్న ఇల్లు కట్టుకున్న మనిషి. ఆయన పేరుతో బిరుదులూ లేవు, సన్మానాలూ లేవు. రిటైరైన రోజు కప్పిన శాలువాను కూడా మేడం బియ్యం డబ్బా మీద మూతగుడ్డ చేసింది. అయినా ఆయన గురించి రాయాలనిపిస్తోంది. నేనివాళ ఒక బడిలో లెక్కల టీచర్ని. ఆ మాట పదిహేనేళ్ళ వయసులో నాకెవరైనా చెప్పి ఉంటే, నేనే కాదు, మా ఊళ్ళో మేకలు కూడా నవ్వేవి.

సారు చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కలుండేవి. అవి జేబులోనే ఉండగా చొక్కా నీళ్ళలో పడేది. మేడం వారానికొకసారైనా ఆ సంగతి వీధంతా వినేలా చెప్పేది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఆయన తప్పు గుర్తు పెట్టేవారు కాదు. లెక్క ఎక్కడ దారి తప్పిందో అక్కడ సన్నగా గీత గీసి, పక్కన "ఇక్కడిదాకా వచ్చినవ్" అని రాసేవారు. కొందరికి చివరి వరుసలో, కొందరికి సగంలో ఆ మాట పడేది. నా పేపర్లో మాత్రం మొదటి వరుస పక్కనే ఉండేది, అదీ వేరే మాట: "ఇంకా బయలుదేరలేదు."

సారుకు కష్టజీవులంటే పడదు. శ్రేఢులు మొదలుపెట్టిన రోజు బోర్డు మీద 5, 9, 13, 17 అని రాసి, నూరో సంఖ్య ఏదో చెప్పమన్నారు. వెనక బెంచీలో ఒకడు నాలుగు కలుపుకుంటూ, నాలుగు పేజీలు నింపి, గంట మోగే వేళకు 401 అని నిలబడ్డాడు. సారు వాడికి జేబులోంచి పల్లీపట్టీ తీసిచ్చి శాబాష్ అన్నారు. వాడు పట్టీ నోట్లో పెట్టుకున్నాక, ఇప్పుడు రెండు వందలోది చెప్పు అన్నారు. వాడి మొహం చూసి క్లాసంతా ఒకటే నవ్వు.

"నూరుదాకా లెక్కవెట్టేటోడు కష్టజీవి. సూత్రం ఎరుకున్నోడు సోమరి. నాకు సోమరులే గావాలె" అని ఆయన సూత్రం రాశారు. మొదటి సంఖ్యకు, ఎన్నో పదం కావాలో అందులోంచి ఒకటి తీసేసి, మిగిలినన్ని సార్లు తేడా కలపాలి. a + (n − 1)d. నూరో పదానికి తొంభై తొమ్మిది నాలుగులు, అంతే. రెండు వందలోది 801 అని చెప్పడానికి ఆయనకు అర నిమిషం కూడా పట్టలేదు.

నా గొడవంతా ఆ ఒకటితోనే. తీసెయ్యాలని గుర్తుండేది కాదు. నూరోది అడిగితే నూరు నాలుగులు కలిపి 405 అనేదాన్ని. నాలుగు ఎక్కువ తెచ్చినవ్, ఎవరి కోసం అని సారు అడిగేవారు. ఒకనాడు మమ్మల్ని బడి వాకిట్లో వరుసగా నిలబెట్టారు. మనిషికీ మనిషికీ మధ్య రెండడుగుల దూరం. మొదటివాడిని, నువ్వు ఇక్కడిదాకా రావడానికి ఎన్నడుగులు వేశావని అడిగారు. వాడు బెదిరిపోయి, ఏయలే సార్, నేను ఈడనే ఉన్న అన్నాడు.

"ఆఁ, గదే. మొదటోడు నడవడు. నడిచేది ఎనకోళ్ళే. పదోడు నడిచింది తొమ్మిదిసార్లు."

అందరికీ అర్థమైంది. నేనూ తలూపాను. ఊపిన తలతోనే పదో తరగతి పరీక్షకు వెళ్ళి, లెక్కల్లో ఒక్కదాన్లో ఫెయిలై వచ్చాను.

మా ఇంట్లో పెద్ద ఏడుపులేమీ లేవు. నాయినకు అసలు ఆశ్చర్యమే లేదు. మా మేనమామ వడ్డేపల్లి దగ్గర విత్తన పత్తి వేస్తాడు. అక్కడ పొద్దున్నే చేలోకి దిగి పువ్వు పువ్వుకూ మగపువ్వు పుప్పొడి అంటించాలి. ఆ పనికి ఆడపిల్లల సన్న వేళ్ళు బాగా పనికొస్తాయంటారు. వచ్చే ఆదివారం మామ వచ్చి నన్ను తీసుకుపోయేట్టు మాటైంది. పత్తి పూతకు ఇంకా నెలలున్నాయి కానీ, అప్పటిదాకా అత్తకు ఇంటి పనిలో ఆసరా. ఒకసారి వెళ్ళిన పిల్లలెవరూ తిరిగి బడికి రాలేదని నాకు తెలుసు. వేసవిలోనే మళ్ళీ సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది, అది రాస్తానని నేను నోరు తెరిచి అడగలేదు. ఏ మొహంతో అడుగుతాను?

శుక్రవారం ఎండపూట సారు మోపెడ్ మీద మా చెలక దగ్గరికి వచ్చారు. పల్లి పంటను అడవిపందులు తవ్విపోస్తున్నాయని నాయిన ఆ ఏడు చేను చుట్టూ కంచె వేయించే పనిలో ఉన్నాడు. కంచెకు రాతి కడీలు పాతి, వాటికి తీగ లాగాలి. ఎన్ని కడీలు తెప్పించాలో మేస్త్రి వచ్చి చెబుతాడని ఎదురుచూస్తున్నాడు. సారు నా చదువు మాటెత్తితే నాయిన అడ్డంగా తలూపాడు.

"మా ఇంట్ల ఎవరికీ లెక్కలు రావు సార్. దీనికెట్లొస్తయ్? ఆదివారం మా బామ్మర్ది వస్తుండు, పంపిస్తున్న."

సారు బతిమాలలేదు. చదువు గొప్పదని ఉపన్యాసమూ ఇవ్వలేదు. సరే, మేస్త్రి వచ్చేలోపు నీ కడీల లెక్క నేను చెప్త పా అని నాయినను వెంటబెట్టుకుని చేను చుట్టూ తిరిగారు. నేను బావి దగ్గరికెళ్ళి నీళ్ళు తెచ్చేసరికి ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఉన్నారు. సారు పుల్లతో మట్టిలో చేను బొమ్మ గీశారు. పొడుగు మూడు వందల ఇరవై అడుగులు, అడ్డం రెండు వందల నలభై, పది అడుగులకొక కడీ. నా వైపు తిరిగి, ఈ మూల నుంచి మొదలుపెడితే పొడుగు దిక్కు ముప్ఫైమూడో కడీ ఎంత దూరంలో పడుతుందని అడిగారు.

మూడు వందల ముప్ఫై అన్నాను. నా అలవాటు నాది.

నాయిన ఫక్కున నవ్వాడు. "చేను దాటి పది అడుగులు పోయినవ్ బిడ్డా. పక్కోని చెలకల పాతినవ్. రేపు వాడు కట్టె పట్కొని వస్తడు."

నవ్వుతారేమో కానీ, నాకు ఆ సూత్రం అర్థమైంది ఆ క్షణంలోనే. మా పక్క చెలక ఆయన ఎంత కొట్లాటమనిషో మా ఊరందరికీ తెలుసు. మొదటి కడీ మూల మీదే ఉంటుంది, అది ఎక్కడికీ నడవదు, దాని దూరం సున్నా. ముప్ఫైమూడోది చేరాలంటే ముప్ఫైరెండు పదులే. మూడు వందల ఇరవై, సరిగ్గా మా గట్టు మీద. అప్పటినుంచి ఆ ఒకటి తీసెయ్యడం నేను మరిచిపోలేదు. ఎక్కువగా గుర్తుపెట్టుకుని ఎలా నవ్వులపాలయ్యానో కాసేపాగి చెబుతాను.

సారు తర్వాత మొత్తం లెక్క చెప్పారు. పొడుగు దిక్కు ముప్ఫైమూడు, అడ్డం దిక్కు ఇరవై అయిదు, మళ్ళీ ముప్ఫైమూడు, మళ్ళీ ఇరవై అయిదు. అంతా కలిపి నూట పదహారు కడీలు తెప్పించుకో అన్నారు. నాయిన బొటనవేలిని మిగతా వేళ్ళ కణుపుల మీద నడిపిస్తూ చాలాసేపు బొమ్మవైపే చూశాడు. ఆ తర్వాత కొంచెం భయంగానే అన్నాడు.

"సార్, మూలకాడి కడీ రెండు దిక్కులకూ ఒక్కటే గద. మీరు రెండుసార్లు లెక్కవెట్టిండ్రు. నాలుగు మూలలకు నాలుగు ఎక్కువైనయ్. నూట పన్నెండే గావాలె."

సారు కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని బొమ్మ చూశారు. అవు గద అన్నారు. మట్టిలో రాసిన నూట పదహారును అరచేత్తో చెరిపి నూట పన్నెండు రాశారు. ఇన్నేళ్ళ నుంచి లెక్కలు చెబుతున్నాను, ఇవాళ ఒక రైతు నా లెక్క దిద్దాడు అని నాయినకు నమస్తే పెట్టి, నీళ్ళు తాగి, మోపెడ్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. నా చదువు గురించి మళ్ళీ ఒక్క మాట కూడా ఎత్తలేదు.

ఆ సాయంత్రం నాయిన నడక మారిపోయింది. అమ్మకు రెండుసార్లు చెప్పాడు, పక్కింటి వాళ్ళకు ఒకసారి చెప్పాడు. రొట్టె తింటూ తింటూ ఆగి, నన్ను పిలిచాడు.

"మన ఇంట్ల లెక్క ఉన్నది బిడ్డా. నీ దాకా వచ్చేటాలకు జర ఆలస్యమైంది, గంతే. రేపట్నుంచి సారు కాడికి పో."

ఆదివారం మామ వచ్చి, అన్నం తిని, ఒక్కడే వెళ్ళాడు. ఆ వేసవిలో సారు మాలాంటి ఫెయిలైన ఆరుగురిని కూర్చోబెట్టుకుని బడి వరండాలో రోజూ లెక్కలు చెప్పారు. ఆయనకు ఎవరూ చెప్పమనలేదు, బడికి తాళం వేసి ఉంది. కుండెడు నీళ్ళు, బోర్డుకు బదులు ఒక నల్లగుడ్డ, జేబులో సుద్దముక్కలు. నాయిన సాయంత్రం ఇంటికొచ్చి, ఇయ్యాల ఎన్నో పదం దాకా పోయిండ్రు అని అడిగేవాడు. పదం అంటే ఏమిటో ఆయనకు తెలియదు. కానీ అడగడం తన హక్కు అనుకునేవాడు. నేను సప్లిమెంటరీలో పాసయ్యాను. మార్కులు చెప్పను, పాసైన మాట నిజం.

సారు ఆ కడీల కథను ఆ తర్వాత ప్రతి ఏడూ ప్రతి తరగతికీ చెప్పారట. ఊరి పేరుతో సహా. చాయ్ హోటల్ దగ్గర జనం, లెక్కల సారును ఓడగొట్టినవంట గద అని అడిగితే, నాయిన కింద చూసుకుంటూ, ఏదో, మూలకాడ జర తప్పిండు అనేవాడు. ఓడినాయన గొప్ప చెప్పుకోవడం, గెలిచినాయన సిగ్గుపడడం నేను ఆ ఒక్క చోటే చూశాను.

టీచర్ ఉద్యోగం వచ్చాక మిఠాయి పట్టుకుని సారు ఇంటికి వెళ్ళాను. అప్పటికి నాలో ఒక అనుమానం పెరిగి పెద్దదైంది. మూల కడీని రెండుసార్లు లెక్కపెట్టడం మా ఆరో తరగతి పిల్లలు చేసే తప్పు. సార్, ఆనాడు కావాలనే తప్పు చెప్పారా అని అడిగాను. ఆయన మిఠాయి సగం విరిచి నోట్లో వేసుకుని, నీ అనుమానం మంచిదే, మీ నాయినను అడుగు అన్నారు. నేను అడగలేదు. ఆ గెలుపు మా నాయినకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. అడిగి దాన్ని పాడుచేసే ధైర్యం నాకు లేకపోయింది.

ఇక నవ్వులపాటు సంగతి. మంగళవారం పోయిన మనిషికి దినం మరుసటి వారం శుక్రవారం అని సారు బిడ్డ గ్రూపులో పెట్టింది. పదకొండో రోజు. నేను ఆ మెసేజ్ చూసి టీచరమ్మనైపోయాను. ఈ పిల్ల మహబూబ్‌నగర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటోంది, పోయిన రోజునే ఒకటో రోజుగా లెక్కపెట్టాలని దీనికేం తెలుసు, మంగళవారానికి పదకొండు కలిపేసి ఉంటుంది అనుకున్నాను. మొదటోడు నడవడు, ఒకటి తీసెయ్యాలి, కాబట్టి దినం గురువారమే అని గ్రూపులో రాశాను. ఒక్కరు కూడా వేళ్ళు మడిచి చూడలేదు. అందరూ సారు శిష్యులే కదా! ఒకటి తీసెయ్యమంటే ప్రాణమిస్తారు. అవు, ఒకటి తీసెయ్యాలె అని ఇరవై మంది బొటనవేళ్ళు ఎత్తారు.

నాయిన ఒక్కడే బుధవారం ఫోన్ చేశాడు. మంగళ, బుధ, గురు అని వరుసగా చెప్పుకుంటూ వచ్చి, దినం ఎల్లుండి అయితది గద బిడ్డా అన్నాడు. నాయినా, నేను లెక్కల టీచర్ని అన్నాను. సరే నువ్వు ఎట్లంటే గట్ల అని ఫోన్ పెట్టేశాడు.

గురువారం పొద్దున వనపర్తిలో సారు ఇంటిముందు రెండు తుఫాన్ జీపులు ఆగాయి. ఊరి నుంచి నాయినతో కలిపి ఇరవై ఆరు మంది, పూలదండలు పట్టుకుని దిగారు. గద్వాల నుంచి వచ్చిన నేను అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాను. వాకిట్లో టెంటు లేదు, కుర్చీలు లేవు, పొయ్యి లేదు. సారు బిడ్డ జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చి మమ్మల్ని చూసి అలాగే నిలబడిపోయింది. దినం రేపు కదా అక్కా అంది. నేను అప్పుడు వేళ్ళు మడిచాను. మంగళవారం ఒకటి, బుధవారం రెండు. గురువారం వచ్చేసరికి పదే అయ్యాయి. ఆ పిల్ల తీసేయాల్సిన ఒకటి ముందే తీసేసింది. నేను తీసేసినది రెండోది.

మేడం లోపలి నుంచి వచ్చింది. సంగతి ఏమిటని కూతురిని అడిగింది. కూతురు చెప్పింది. పది రోజుల్లో ఆ మనిషి ఎంత చిక్కిపోయిందో అప్పుడు చూశాను. మా దండలూ మా మొహాలూ ఒకసారి కలయజూసి, ఆమె గడపలోనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"తీసెయ్యడం నేర్పిండు గని, ఎప్పుడు తీసెయ్యొద్దో నేర్పలే మీకు" అంది.

ఆ తర్వాత మేము ఎవరమూ వెనక్కి పోలేదు. కొందరు టెంటు సామాను తెచ్చారు, కొందరు కూరగాయల సంచులు మోశారు, ఆడవాళ్ళం బియ్యం ఏరాం. మేడం అందరికీ ఉప్మా చేసింది. నాయిన మాత్రం సారు ఫోటో దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. భుజం మీది తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ఉప్మా ప్లేటు తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను. దినం రేపని తెలిసి కూడా నా మాట మీద ఎందుకొచ్చావని అడిగాను. నువ్వు అందరి ముందట రాసినవ్ గద, నేను కాదంటె ఏం బాగుంటది అన్నాడు. తర్వాత ఫోటో వైపు చూస్తూ చెప్పాడు.

"ఆనాడు చేను సుట్టు తిరిగినప్పుడు సారు మూల మూలకు ఒక గులకరాయి పెట్టుకుంట వచ్చిండు. నాలుగు మూలలకు నాలుగే రాళ్ళు. గట్ల పెట్టినోనికి మూలకు ఒక్కటే కడీ అని తెల్వదా?"

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు నాయినా అన్నాను.

"అంత పెద్ద సారు నా చెలకల గూసొని, నా బిడ్డ ముందట ఓడిపోతుండు. దేనికి? నీ కోసమే గద. నేను గెలిచిన అనుకుంటెనే ఆయన వచ్చిన పని అయితది. అందుకే గెలిచిన."

ఇన్నేళ్ళూ నేను నాయిన గెలుపును కాపాడుతున్నాననుకున్నాను. ఆయన సారు ఓటమిని కాపాడుతూ వచ్చాడు. నేను ఏడ్చాను, దాచుకోలేదు. నాయిన నన్ను ఏడవనిచ్చి, ఉప్మా తిని, చేయి కడుక్కుని వచ్చి, ఎప్పుడూ అడగనిది అడిగాడు. ఆ ఒకటి తీసేసేది ఎట్లుంటదో జర రాసి సూపియ్ అన్నాడు.

కిటికీలో సారు సుద్దముక్కలు ఇంకా ఉన్నాయి. మైల ఇల్లు కాబట్టి పది రోజులుగా వాకిట్లో ముగ్గు లేదు, నాపరాళ్ళు బోసిగా ఉన్నాయి. గడపకు ఎదురుగా ఒక రాయి మీద పెద్ద అక్షరాలతో a + (n − 1)d అని రాశాను. నాయిన తువ్వాల భుజాన వేసుకుని, మోకాళ్ళ మీద చేతులానించి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. గింతేనా అన్నాడు. గింతే అన్నాను. ఆయన చూపుడువేలు ఆ గీతల మీద, సుద్దకు తగలకుండా, ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా నడిచింది.

మర్నాడు శుక్రవారం దినానికి ఊరూ వాడా వచ్చింది. నాయిన పొద్దున్నే ఆ రాయి పక్కన కుర్చీ వేసుకున్నాడు. వచ్చినవాళ్ళకు ఆయన చేత్తో ఆ రాతను చూపించాడు. చదువొచ్చినవాళ్ళూ రానివాళ్ళూ, చెప్పులు చేత పట్టుకుని, చంటిపిల్లల్ని ఎత్తుకుని, దాన్ని తొక్కకుండా పక్కనుంచి చుట్టి లోపలికి నడిచారు.